నా రీలులో తన కాపురాన్ని చూసుకున్న క్లయింటు

హైదరాబాద్ నుంచి ఒక మహిళా న్యాయవాది పంపిన ఉత్తరం ఇది. పేరు రాయవద్దన్నారు. గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని నేనూ మార్చాను. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

ఆమెకు ముప్పై రెండేళ్లు. పుట్టింట్లో గానీ అత్తింట్లో గానీ ఆమెకు ముందు నల్లకోటు వేసినవాళ్లు లేరు. ఒక సీనియర్ దగ్గర కొన్నేళ్లు జూనియర్‌గా పనిచేసి, తర్వాత దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక గది అద్దెకు తీసుకుని సొంతంగా ప్రాక్టీసు పెట్టారు. ఎక్కువగా కుటుంబ కేసులే: విడాకులు, భరణం, పిల్లల కస్టడీ. మొదట్లో గది అద్దె కూడా భర్త జీతంలోంచే వెళ్లేది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి అయిన ఆ భర్తే, "నీకు తెలిసిన చట్టాన్ని తెలుగులో నిమిషంలో చెప్పు, నేను వీడియో తీస్తాను" అన్నారు. అలా ఇన్‌స్టాగ్రామ్‌లో, యూట్యూబ్‌లో రీల్స్ మొదలయ్యాయి. ఏడాది తిరిగేసరికి కొత్త కేసుల్లో సగానికి పైగా "మేడమ్, మీ వీడియో చూసి వచ్చాం" అంటూ వచ్చినవే.

చిక్కు ఒక రీలుతో వచ్చింది. వారానికి నాలుగు వీడియోలకు సరుకు దొరక్క, తాను నడుపుతున్న ఒక భరణం కేసు పిటిషన్‌ను, క్లయింటు చెబుతుంటే రాసుకున్న నోట్సును కలిపి ఒక ఏఐ యాప్‌లో పెట్టారు. పేర్లూ ఊళ్లూ తీసేసి నిమిషం కథగా రాయమన్నారు. యాప్ చెప్పిన పని చేసింది, పేర్లు తీసేసింది. ఆడపడుచు సీమంతం ఖర్చుకు భార్య గాజులు తాకట్టు పెట్టిన సంగతి మాత్రం ఉంచింది. భర్త నిద్రపోతుండగా భార్య అతని ఫోన్ తెరిచి యూపీఐ చెల్లింపుల జాబితాను ఫొటోలు తీసుకున్న సంగతీ ఉంచింది. ఈ రెండోది పిటిషన్‌లో లేదు, నోట్సులోనే ఉంది. ఆ రీలును లక్షల మంది చూశారు. వాళ్లలో ఆ క్లయింటు మేనత్త ఒకరు.

మిగతాది ఆమె మాటల్లోనే:

"సోమవారం సాయంత్రం ఆ క్లయింటు నా ఆఫీసుకు వచ్చింది. కూర్చుని, ఫోన్ నా టేబుల్ మీద పెట్టి, ఏమీ మాట్లాడకుండా ఆ రీలు చివరి దాకా వినిపించింది. 'ఈ గాజులు నావే కదా మేడమ్' అంది. పేర్లు తీసేశాను కదమ్మా అన్నాను. తన కాగితాలు ఇచ్చేయమని, వేరే లాయర్‌ని పెట్టుకోవడానికి నో అబ్జెక్షన్ రాసివ్వమని అడిగింది. ఫీజులో ఇంకా సగం రావాలి. ఆలోచించి చెబుతానన్నాను. మర్నాడు మా సీనియర్ ఫోన్ చేసి, 'నా దగ్గర నేర్చుకున్నది ఇదేనా' అని పెట్టేశారు. మా లాయర్ల వాట్సాప్ గ్రూపులో ఎవరో ఆ రీలు పెట్టి చప్పట్ల బొమ్మలు జతచేశారు. బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు వెళ్తుందని ఒకరు నాతోనే అన్నారు. రీలు ఇంకా తీసేయలేదు. తీసేస్తే తప్పు ఒప్పుకున్నట్టే అని నా భర్త అంటున్నారు. పేర్లు తీసేశాను కదా, చట్టం దృష్టిలో నేను చేసినదేమిటి? ఆమెకు క్షమాపణ చెబితే అదే నా మీద సాక్ష్యం అవుతుందా? వీడియోలు మానేస్తే పని ఎక్కడి నుంచి వస్తుంది? పైగా రాత్రి పదకొండు దాటినా వాట్సాప్‌లో క్లయింట్ల ప్రశ్నలు ఆగవు. ఈ ఫోనే వద్దనిపిస్తోంది."

ఉత్తరం చివర ఇంకో చిన్న ప్రశ్న కూడా ఉంది. దాని సంగతి చివర్లో చూద్దాం.

"పేర్లు తీసేశాను కదా" అని మీరు ఆమెతో అన్నారు, నాతోనూ అన్నారు. అక్కడి నుంచే మొదలుపెడతాను. పేరు కావలసింది ముక్కూమొహం తెలియనివాళ్లకు. మేనత్తలకూ తోడికోడళ్లకూ పేరుతో పనిలేదు. సీమంతం కోసం కోడలి గాజులు తాకట్టుకు వెళ్లిన ఇల్లు ఆ బంధువర్గంలో ఒక్కటే ఉంటుంది. ఆ మాట చెవిన పడగానే మనుషులతో సహా ఆ ఇల్లంతా వాళ్ల కళ్ల ముందుకు వస్తుంది. లక్షల మంది అపరిచితులు చూస్తే ఆమెకు పోయేదేమీ లేదు. వాళ్లలో ఓ ఇరవై మందిని మాత్రం ఆమె రేపు పెళ్లిళ్లలో, పేరంటాల్లో ఎదుర్కోవాలి. ఇంకాస్త జాగ్రత్తగా వివరాలు మార్చి ఉంటే సరిపోయేదని కూడా అనుకోవద్దు. జనం వేలు ఆపి ఆ రీలు చూసింది గాజుల కోసమే. ఆమెను పట్టించిందీ ఆ గాజులే. అవి తీసేస్తే రీలుకు రుచి ఉండదు, ఉంచితే మనిషి దొరికిపోతుంది.

పరువు సంగతి అలా ఉంచితే, మీరు గమనించినట్టు కనిపించని నష్టం ఇంకొకటి ఉంది. భర్త నిద్రలో ఉండగా ఫోన్ తెరిచిందన్న సంగతి పిటిషన్‌లో లేదని మీరే రాశారు. అంటే ఆమె మిమ్మల్ని నమ్మి మీ గదిలో చెప్పిన మాట అది. అవతలి పక్షం లాయర్ కూడా ఫోన్ చూస్తారు. భార్యాభర్తల వివాదంలో ఒకరు రహస్యంగా రికార్డు చేసిన సంభాషణను సాక్ష్యంగా తీసుకోవచ్చని 2025 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి, ఆ ఫొటోలు ఎందుకూ పనికిరాకుండా పోతాయని నేననను. కానీ అవి తన చేతికి ఎలా వచ్చాయో ఎప్పుడు చెప్పాలి, ఏ మాటల్లో చెప్పాలి, అసలు చెప్పాలా వద్దా అన్నది ఆమె తన లాయర్‌తో కూర్చుని తేల్చుకోవలసిన విషయం. బోనులో ఎదురుకాబోయే ప్రశ్నను ఆమె సొంత లాయరే అవతలి వాళ్లకు ముందుగా రాసిచ్చినట్టయింది. ఆమె బహుశా ఇంకా ఇంత దూరం ఆలోచించి ఉండదు. కొత్త లాయర్ మొదటి రోజే ఆలోచిస్తారు.

చట్టం దృష్టిలో ఏమిటన్నది మీకు తెలియనిది కాదు. మిగతా పాఠకుల కోసం చెబుతున్నాను. క్లయింటు వృత్తిరీత్యా లాయర్‌కు చెప్పుకున్నది ఆమె అనుమతి లేకుండా బయటపెట్టకూడదు. పాత సాక్ష్య చట్టంలో ఇది 126వ సెక్షన్. 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియంలో 132వది. వకాల్తా మారిపోయినా, కేసు ముగిసిపోయినా ఆ బాధ్యత పోదు. ఇక హిందూ వివాహ చట్టం కింద నడిచే కేసు అయితే 22వ సెక్షన్ ఉంది: విచారణ గోప్యంగా జరగాలి, దానికి సంబంధించిన విషయాలను ప్రచురించకూడదు, ప్రచురిస్తే వెయ్యి రూపాయల దాకా జరిమానా. ఆ అంకె చూస్తే నవ్వొస్తుంది, రీల్స్ కోసం కొనే లైటు ఖరీదు అంతకంటే ఎక్కువ. మీ క్లయింటు భరణం కేసు ఆ చట్టం కిందిదో, పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్ కిందిదో మీరు రాయలేదు. ఏదైనా సరే, 132వ సెక్షన్ ఎక్కడికీ పోదు. పైగా రీలు కంటే ముందే ఒక తప్పటడుగు పడింది. ఆ పిటిషన్‌నూ నోట్సునూ యాప్‌లో అతికించిన క్షణంలోనే క్లయింటు మాట మీ గది దాటి, ఎవరిదో తెలియని సర్వర్‌కు చేరింది. దాన్ని ఎవరూ చూడకపోయినా సరే. ఇకమీదట ఆ యాప్‌కు చట్టం సెక్షన్ ఇచ్చి తేలిక తెలుగులోకి మార్చమనండి, తప్పులేదు. దాని జవాబును మూలంతో సరిచూసుకోండి. ఎందుకంటే ఇలాంటి యాప్ పుట్టించిన లేని తీర్పులను కోర్టుకు సమర్పించి 2023లో న్యూయార్క్‌లో లాయర్లు అయిదు వేల డాలర్ల జరిమానా కట్టారు. క్లయింటు కాగితం మాత్రం దానికి చూపించవద్దు.

ఇక ప్రకటనల గొడవ. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నిబంధనల్లో 36వది లాయర్లు నేరుగా గానీ చాటుగా గానీ పని అడుక్కోకూడదని, ప్రకటనలు ఇవ్వకూడదని చెబుతుంది. తాము నడుపుతున్న కేసులకు సంబంధించి ఫొటోలు వేయించుకోవడం కూడా ఆ జాబితాలో ఉంది. బోర్డు మోస్తరు సైజులోనే ఉండాలి, ఫలానా రకం కేసుల్లో నిపుణులమని దాని మీద రాయకూడదు. 2008లో ఒక కిటికీ తెరిచారు: వెబ్‌సైట్‌లో పేరు, చిరునామా, ఫోన్, ఎన్‌రోల్‌మెంట్ నంబరు, చదువు, ఏ రంగంలో ప్రాక్టీసు చేస్తారు అన్న వివరాల వరకు పెట్టుకోవచ్చు. తర్వాత గాలి మళ్లీ బిగింపు వైపే వీచింది. 2024 జులైలో మద్రాసు హైకోర్టు ఆన్‌లైన్ వేదికల ద్వారా పని రాబట్టుకునే లాయర్ల మీద చర్యలు తీసుకోమంది. 2025 మార్చిలో బార్ కౌన్సిల్ సోషల్ మీడియా ప్రచారాలపై గట్టి హెచ్చరిక ప్రకటన ఇచ్చింది. మీ వీడియోల్లో మీరు మెడపట్టీ కట్టుకుని కనిపిస్తుంటే ఇంకో విషయం కూడా చూసుకోండి. కోర్టులోనూ, లాంఛనప్రాయమైన సందర్భాల్లోనూ తప్ప బహిరంగంగా బ్యాండ్స్, గౌను వేసుకోకూడదన్న నిబంధన ఎప్పటి నుంచో ఉంది. గది గోడ ముందు రీలు తీయడం ఆ రెండింటిలోకీ రాదు.

ఇంత చెప్పాను కదా అని మీ సీనియర్ పక్షాన చేరిపోయాననుకోకండి. ఆయన తరంలో చాలామంది ఒక్క ప్రకటన కూడా ఇవ్వలేదు, నిజమే. వాళ్లకు కాలనీ సంక్షేమ సంఘం ఉంది, కుల సంఘం ఉంది, గుడి కమిటీ ఉంది, సాయంత్రం క్లబ్బులో కలిసే నలుగురు ఉన్నారు. పెళ్లి విందులో పక్క కుర్చీ ఆయనతో "మావాడు హైకోర్టులో పెద్ద లాయర్, ఓసారి మాట్లాడండి" అంటే అది ఏ నిబంధన కిందకూ రాదు. తండ్రి ఛాంబరులో పెద్ద కుర్చీ ఖాళీగా ఎదురుచూసేవాళ్లకు బోర్డు కూడా అక్కరలేదు. మొదటి తరం లాయర్, అందులోనూ ఆడమనిషి, ఇవేవీ లేకుండా దిల్‌సుఖ్‌నగర్‌లో గది తీసుకుని కూర్చుంటే ఎవరు మెట్లెక్కుతారు? నిబంధన అక్షరం అందరికీ ఒకటే అయినా బరువు మీ మీద ఎక్కువ పడుతోంది. దాన్ని మార్చమని అడిగే హక్కు మీకుంది. అమెరికాలో 1977లో అక్కడి సుప్రీంకోర్టు లాయర్ల ప్రకటనలను అనుమతించింది. ఆ దారి మనకు మేలు చేస్తుందని నాకు నమ్మకం లేకపోయినా, చర్చ జరగవలసిన విషయమే. కాకపోతే ఆ చర్చకు మీ దగ్గరున్న ఉదాహరణ ఈ రీలు మాత్రం కాకూడదు. క్లయింటు విషయంలో మీ సీనియర్ కోపం న్యాయమైనది. చట్టాన్ని జనానికి తెలుగులో చెప్పడమే అప్రతిష్ఠ అన్న ధోరణి ఆయన మాటలో ఉంటే, దానితో నేను ఏకీభవించను. ఈ రెండింటినీ మీరు కూడా విడదీసి చూసుకోవాలి. ఇప్పుడు మీ ఉత్తరంలో అవి కలగాపులగంగా ఉన్నాయి.

ముందు క్లయింటు. ఆమె కాగితాల విషయంలో "ఆలోచించి చెబుతాను" అన్నారే, దానికి ఆలోచించేది ఏమీ లేదు. ఫీజు బాకీ ఉందని కేసు ఫైలు పట్టి ఉంచే హక్కు లాయర్‌కు లేదని సుప్రీంకోర్టు 2000లో ఆర్.డి. సక్సేనా కేసులో తేల్చేసింది. ఒక్కరోజు ఆలస్యమైనా అది వేరే ఫిర్యాదు అవుతుంది. పైగా ఈమధ్యలో వాయిదా ఉంటే ఆమె కేసే దెబ్బతింటుంది. పాత లాయర్ సమ్మతి లేకుండా కొత్త లాయర్ వకాల్తా వేయడం మామూలుగా కుదరదు కాబట్టి ఆమె మీ సంతకం కోసం ఎదురుచూస్తోంది. నో అబ్జెక్షన్ రాసివ్వండి, ఏయే కాగితాలు ఇచ్చారో జాబితా రాసి ఆమెతో సంతకం చేయించుకుని కాపీ దాచుకోండి. మిగిలిన ఫీజు అడగాలా? అడగవచ్చు, చట్టం అడ్డుకోదు. నన్నడిగితే వదులుకోమంటాను. ఆ డబ్బు కోసం రాసే ప్రతి మెసేజీ ఆమెను ఫిర్యాదు వైపు ఇంకో అడుగు నెడుతుంది.

క్షమాపణ సాక్ష్యం అవుతుందా అంటే, అవుతుంది. మీరు రాసిచ్చే ఉత్తరాన్ని ఆమె ఎక్కడైనా చూపించవచ్చు. నోటితో చెబితే చూపించడానికి ఏమీ ఉండదు, కానీ మీరేం చెప్పారో రేపు ఎవరి కథ వాళ్లది. అసలేమీ చెప్పకుండా కాగితాలు చేతిలో పెట్టి పంపడం లాయర్ బుర్రకు క్షేమంగా తోస్తుంది. ఆమెకు మాత్రం అది రెండో అవమానం. ఎటు చూసినా కొంత నష్టం ఉంది, దేన్ని భరించగలరో మీరే చూసుకోవాలి. నేనైతే ఎదురుగా కూర్చుని చెప్పి, తర్వాత రెండు మూడు వాక్యాలు రాసివ్వడం మేలంటాను: మీరు నమ్మి చెప్పిన విషయాలను అడగకుండా వాడాను, అది చేయకూడనిది, వీడియో తీసేశాను. "మీకు బాధ కలిగి ఉంటే" అన్న మాట దగ్గరకు కూడా వెళ్లకండి, బాధ కలిగిందని ఆమె మీ టేబుల్ మీద వినిపించి మరీ చెప్పింది. వివరణలు, మీ కష్టాలు, యాప్ చేసిన పొరపాటు అన్న కథ ఆ కాగితంలో వద్దు. ఫోన్ సంగతి బయటపడిందని, కొత్త లాయర్‌కు ఆ విషయం తప్పకుండా చెప్పమని కూడా ఆమెకు చెప్పండి. ఇది చెప్పడం మీకు కష్టం, ఆమెకు అవసరం.

రీలు తీసేస్తే తప్పు ఒప్పుకున్నట్టే అన్న మీ భర్త వాదనను పక్కన పెట్టండి. ఆయన మీ మేలు కోరే అంటున్నారు గానీ, అది ఉన్నన్నాళ్లూ రోజూ కొత్తవాళ్లు చూస్తూనే ఉంటారు. రేపు బార్ కౌన్సిల్ క్రమశిక్షణ కమిటీ ముందు మొదటి ప్రశ్న "క్లయింటు వచ్చి అడిగాక ఎన్ని రోజులు ఉంచారు?" అన్నదే. అసలు వీడియో, అది పెట్టిన తేదీ, కామెంట్ల స్క్రీన్‌షాట్లు ఒక కాపీగా దాచుకుని, అప్పుడు తీసేయండి. ఆధారాలు చెరిపేశారన్న మాట రాకుండా ఉంటుంది. వాట్సాప్‌లలో తిరిగే కాపీలు మీ చేతిలో లేవు. "నిజానికి ఏం జరిగిందంటే" అంటూ ఇంకో రీలు మాత్రం పెట్టకండి. చూడనివాళ్లు కూడా పాతది వెతుక్కుని చూస్తారు. లాయర్ల గ్రూపులోనూ జవాబు వద్దు. చప్పట్ల బొమ్మలకు సంజాయిషీ ఇచ్చుకోవలసిన అవసరం లేదు, మీరు రాసిన ప్రతి వాక్యం స్క్రీన్‌షాట్‌గా బయటికి వెళ్తుంది.

ఫిర్యాదు నిజంగా వెళ్తే? అడ్వకేట్స్ చట్టం 35వ సెక్షన్ కింద రాష్ట్ర బార్ కౌన్సిల్ దాన్ని క్రమశిక్షణ కమిటీకి పంపవచ్చు. కమిటీ కొట్టివేయవచ్చు, మందలించవచ్చు, కొంతకాలం సస్పెండ్ చేయవచ్చు, చివరి మెట్టుగా జాబితాలోంచి పేరు తీసేయవచ్చు. ఆ నిర్ణయం మీద బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు, అక్కడి నుంచి సుప్రీంకోర్టుకు అప్పీలు ఉంది. నోటీసు వస్తే మీ జవాబు మీరే రాసుకోవద్దు, ఇలాంటివి చూసిన లాయర్‌ని పెట్టుకోండి. మీ పరిస్థితిలో ఎవరైనా తమ పక్షాన ఎక్కువ రాస్తారు. ఈలోగా సీనియర్‌ను కలవడం మంచిదే. ఫోన్‌లో వద్దు, కోర్టు వరండాలో అంతకంటే వద్దు. ఏం చేశారో, క్లయింటు విషయంలో ఏం సరిదిద్దారో చెప్పండి. కాగితాలు ఇచ్చేసిన తర్వాతే వెళ్లండి. అప్పుడు మీరు ఆయన దగ్గరకు సలహా కోసం వెళ్లినట్టు ఉంటుంది. ఇవ్వకముందు వెళితే కాపాడమని వెళ్లినట్టు ఉంటుంది.

ఇప్పుడు అద్దె ప్రశ్న. వీడియోలు పూర్తిగా మానేయడం ఒక దారి. నిబంధన పరంగా ఇంతకంటే భద్రమైనది లేదు. వచ్చే కొన్ని నెలలు రాబడి పడిపోతుందన్నదీ అంతే ఖాయం. ఇద్దరు ముగ్గురు లాయర్లతో గది పంచుకోవడం, తాము చేయని కుటుంబ కేసులను మీకు పంపే సివిల్, క్రిమినల్ లాయర్ల పరిచయాలు పెంచుకోవడం, ఇప్పటికే గెలిచిన క్లయింట్ల నోటిమాట... ఇవి నెమ్మదిగా పండుతాయి. పూర్తిగా వీడియోల మనిషి అయిపోవడం ఇంకో దారి. అది వ్యాపారమైతే ప్రాక్టీసు ఆపుకోవాలి. మీ ఉత్తరం నిండా కోర్టే ఉంది కాబట్టి దాని గురించి ఎక్కువ మాట్లాడను.

మూడో దారి, చట్టం గురించి మాత్రమే మాట్లాడటం. భరణం కేసులో భార్యాభర్తలిద్దరూ తమ ఆస్తులు, అప్పుల వివరాలతో అఫిడవిట్ వేయాలని 2020లో సుప్రీంకోర్టు రజనీశ్, నేహ కేసులో చెప్పింది. ఎంతమంది ఆడవాళ్లకు తెలుసు? ఆ అఫిడవిట్‌లో ఏం అడుగుతారో ఒక వీడియో. పరస్పర అంగీకారంతో విడాకులకు ఆరు నెలలు ఆగి తీరాలా, 2017 తీర్పు తర్వాత కోర్టు దాన్ని ఎప్పుడు సడలిస్తుంది అన్నది ఇంకొకటి. ఆదాయంతో సంబంధం లేకుండా ఏ మహిళకైనా ఉచితంగా లాయర్‌ని ఇవ్వాలని 1987 న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ చెబుతుందన్నది మూడోది. వీటికి గాజులు అక్కరలేదు. మీ నంబరు, ఆఫీసు బోర్డు, "సంప్రదించండి" అన్న మాట, గెలిచిన కేసుల ముచ్చట్లు, మెడపట్టీ, ఇవేవీ వాటిలో ఉండకూడదు. క్లయింటు అనుమతి తీసుకుని ఆమె కథ చెప్పవచ్చు కదా అంటారేమో. తన కేసు మీ చేతిలో ఉండగా మిమ్మల్ని కాదనే ధైర్యం ఎవరికుంటుంది? ఆ అనుమతి మీద ఆధారపడకండి. ఈ దారిలో చూసేవాళ్లు బాగా తగ్గుతారు, వారానికి నాలుగు చేయలేరు. ఇది కూడా చాటుమాటు ప్రకటనే అని ఎవరైనా వాదించే అవకాశం పూర్తిగా పోదు. ఆ మాత్రం ప్రమాదానికి సిద్ధపడితేనే ఎంచుకోండి.

దీనికి ఒక గొడుగు కూడా ఉంది. ఉచిత న్యాయ సహాయం అందించే న్యాయ సేవాధికార సంస్థల ప్యానెల్ లాయర్‌గా దరఖాస్తు చేసుకోవచ్చు. సిటీ సివిల్ కోర్టు పరిధికి పురానీ హవేలీలో, రంగారెడ్డి జిల్లాకు ఎల్బీనగర్‌లో వాళ్ల వ్యవస్థ ఉంది. బస్తీల్లో, కాలేజీల్లో చట్ట అవగాహన సదస్సులకు మీలా తెలుగులో సూటిగా చెప్పేవాళ్లు కావాలి. డబ్బు తక్కువ, చాలా తక్కువ. కానీ అక్కడ మాట్లాడిన మాటకు ఎవరూ నిబంధన చూపించరు, జడ్జీలకూ తోటి లాయర్లకూ మీ పేరు తెలుస్తుంది. గొడవ సద్దుమణిగే వరకు కెమెరాకు సెలవిచ్చి, ఈ పని మొదలుపెట్టి, తర్వాత చట్టం వీడియోలకు తిరిగి రావడం నాకు నచ్చిన కలయిక. మీ ఇంటి లెక్కలు చూడకుండా ఇంతకంటే గట్టిగా చెప్పలేను.

వాట్సాప్ గురించి మీరు ఒక్క వాక్యమే రాశారు గానీ, మీ రోజులో ఎక్కువ భాగం తినేస్తున్నది అదేనని నా అనుమానం. క్లయింట్లకు వేరే నంబరు పెట్టి, దాన్ని వాట్సాప్ బిజినెస్ యాప్‌లో తెరవండి. పనివేళలు పెట్టుకుంటే ఆ తర్వాత వచ్చే మెసేజీకి మీరు రాసిపెట్టిన జవాబు దానంతటదే వెళ్తుంది: రేపు ఉదయం చూస్తాను, ఇంట్లో ఇప్పుడే ప్రమాదం ఉంటే 112 లేదా 181కి ఫోన్ చేయండి. కుటుంబ కేసుల్లో ఆ రెండో వాక్యం చాలా అవసరం. రాత్రి నిద్రమత్తులో మీరు కొట్టిన "సరే, అలాగే చేయండి" కూడా లాయర్ సలహానే. అర్ధరాత్రి ఆ క్లయింటు పుట్టింటికి వెళ్లిపోయి, "మేడమ్ సరే అన్నారు" అని చెప్పగలదు. నిజానికి చాలామంది రాత్రి అడిగేది చట్టం కాదు, తోడు కోసం అడుగుతారు. వాయిదా ముందు రోజు సాయంత్రం మీరే ఒక చిన్న మెసేజీ పంపితే ఆ ప్రశ్నలు చాలావరకు తగ్గుతాయి.

ఆ ఫోన్‌లో ఇంకా ఏమున్నాయో ఒక్కసారి గ్యాలరీ తెరిచి చూడండి. క్లయింటు వీపు మీది వాతల ఫొటో, ఎవరిదో బ్యాంకు స్టేట్‌మెంటు, వాటి మధ్య మీ పాప పుట్టినరోజు కేకు. వాట్సాప్ ఫొటోలు గ్యాలరీలోకి రాకుండా ఆపే సెట్టింగు ఉంది, ఆపండి. బ్యాకప్‌కు ఎన్‌క్రిప్షన్ మీరు ఎంచుకుంటేనే వస్తుంది, ఎంచుకోండి. వీటన్నిటికంటే నన్ను భయపెట్టేది జెరాక్స్ షాపు. నాంపల్లిలోనైనా ఎల్బీనగర్‌లోనైనా కోర్టు బయట రోజూ చూసే దృశ్యమే: అఫిడవిట్ పీడీఎఫ్‌ను షాపు నంబరుకు పంపుతారు, కుర్రాడు ప్రింటు తీస్తాడు, డబ్బులిచ్చి పరుగున లోపలికి వెళ్లిపోతారు. ఆ ఫైలు ఆ ఫోన్‌లోనే ఉండిపోతుంది. నగరంలో సగం విడాకుల కాగితాలు షాపు కుర్రాళ్ల ఫోన్లలో నిద్రపోతున్నాయి. ఇంకొందరు షాపు కంప్యూటర్‌లో తమ వాట్సాప్ తెరిచి, మూయడం మరిచి వచ్చేస్తారు. ఈరోజే మీ ఫోన్‌లో లింక్డ్ డివైసెస్ జాబితా చూసి, మీవి కానివన్నీ తీసేయండి. గదికి ఒక చిన్న ప్రింటర్ కొనుక్కోండి, రీల్స్ లైటు ఉన్న చోట పెట్టుకోవచ్చు.

ఇక మీ చివరి ప్రశ్న: ఆ రీలు కింద వందల మంది ఆడవాళ్లు తమ సమస్యలు రాసి మీ నంబరు అడుగుతున్నారు, జవాబివ్వాలా? నంబరు ఇవ్వడం, "మెసేజ్ చేయండి" అనడం నేరుగా 36వ నిబంధనలో పడతాయి, వద్దు. మీ ఖాతాలో ఉచిత న్యాయ సహాయం హెల్ప్‌లైన్ 15100 నంబరు మాత్రం పెట్టండి, అది ఎవరైనా ఇవ్వవచ్చు. ఆ కామెంట్లు ఎవరు రాశారో కూడా చూడండి. సొంత ఖాతాలోంచి, సొంత ఫొటోతో, భర్త కొడుతున్నాడని, డబ్బు దాస్తున్నాడని రాశారు. ఆ భర్తల ఫోన్లలోనూ ఇన్‌స్టాగ్రామ్ ఉంది. వీడియో తీసేస్తే ఆ కామెంట్లూ దానితో పాటే పోతాయి. మీ క్లయింటు కోసం తీసేయడానికి ఇంకా వెనకాడుతుంటే, వీళ్ల కోసమైనా ఈ రాత్రే తీసేయండి.